మరిది తీసిన మూగనాటకం

3, సోమవారం

అనుకున్నంతా అయింది. బొమ్మ ఉంది, శబ్దం లేదు.

చెల్లెలి నాటకాన్ని వాళ్ళాయన, అదే మన లిఫ్టుగారు, తన ఫోన్లో తీసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కవరుకి రబ్బరుబ్యాండు బిగించి శనివారం నేను పనిచేసే స్టూడియోకి తెచ్చి ఇచ్చాడు. లోపల బంగారం ఉన్నట్టు రెండు చేతులతో అందించాడు. ఇవాళ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుంటే ఒక్క ఫైలుకీ శబ్దం రాలేదు. పైన చెల్లెలు కుర్చీ చుట్టూ తిరుగుతూ నోరు కదుపుతోంది. కింద శబ్దం గీతలు ఉండాల్సిన చోట పలక తుడిచినట్టుంది.

లిఫ్టులు బాగుచేసేవాణ్ణి చేసుకుంటానని చెల్లెలు చెప్పిన రోజే అన్నాను, ఈ మనిషి పైకీ కిందికీ తప్ప ముందుకు పోడని. ఇంట్లో అందరూ నవ్వారు, చెల్లెలు తప్ప. ఎదురుపడితే మరిదిగారూ అంటాను. ఇక్కడ రాసుకునేటప్పుడు ఆ మర్యాద అక్కర్లేదు.

ఇరవై అయిదో తారీఖులోగా నాటక సంస్థకి వీడియో పంపాలి. ఊరూరూ తిరిగే పెద్ద సంస్థ. తీసుకుంటే రెండేళ్ళు జీతం, వేషం, పేరు. మందుల షాపు కౌంటరు వెనక నిలబడి జలుబు బిళ్ళలు కత్తిరించి ఇచ్చే బతుకు నుంచి నా చెల్లెలు బయటపడుతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ నటికి ఇంకో పిలుపు రాదు. వాళ్ళ షరతులు రెండే. వీడియో ఇరవై నిమిషాలు దాటకూడదు. గొంతు నటిస్తున్నప్పుడు రికార్డయినదే ఉండాలి, తర్వాత డబ్బింగ్ చెప్పిస్తే చెల్లదు.

మూగ వీడియో పంపితే వాళ్ళు చూసేది నటిని కాదు, కుర్చీ చుట్టూ తిరిగే చేపని.

స్టూడియో కెమెరా, మైకు తెస్తానన్నాను. నీకెందుకు శ్రమ, ఆయన తీస్తారులే అంది చెల్లెలు. తీశారు.

4, మంగళవారం

ముందు నా వైపు తప్పేమీ లేదని తేల్చుకోవడం పద్ధతి. తేల్చుకున్నాను.

శబ్దం ట్రాకు ఆపేసి ఉందేమో చూశాను, లేదు. పొరపాటున బొమ్మని మాత్రమే లాగి టైమ్‌లైన్ మీద పడేశానేమో చూశాను, లేదు. స్పీకర్ల మీద అనుమానమొచ్చి పాత పరుపుల ప్రకటన వేస్తే, పరుపు మీద ఎగిరే పిల్ల నవ్వు గదంతా మోగింది. పెన్‌డ్రైవ్‌లోంచి ఫైళ్ళు మళ్ళీ కాపీ చేసుకున్నాను. ఫోన్ వీడియోలకి సెకనుకి ఇన్ని ఫ్రేములన్న నిలకడ ఉండదు కాబట్టి, ఒక ఫైల్ని మార్చి, నిలకడ చేసి మళ్ళీ ఎక్కించాను. బొమ్మ మసకబారింది. శబ్దం రాలేదు. ఇదే కంప్యూటర్లో మామూలు ప్లేయర్లో వేసినా మౌనవ్రతమే.

ఇక తప్పక ఫోన్ చేశాను.

"ఫోన్లో బానే వినబడుతోంది వదినగారూ. ఇప్పుడే మళ్ళీ పెట్టి చూశాను."

"అయితే సంస్థవాళ్ళకి ఫోనే పంపించేద్దామా?"

"అది కాదండీ. సౌండు గురించి మీకో మాట చెప్పాలి. తీసేముందు నేనొక సెట్టింగు మార్చి..."

"మరిదిగారూ, మీ లిఫ్టు మధ్యలో ఆగిపోతే నేనొచ్చి బటన్లు నొక్కుతానా? నొక్కను కదా. నా పని నన్ను చూసుకోనివ్వండి."

జవాబు కోసం ఆగలేదు. పెట్టేశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తీయడం చేతకాక ఇప్పుడు సెట్టింగులంటాడు. ఫోన్లో వేలు పెట్టి కనబడిందల్లా నొక్కి ఉంటాడు.

5, బుధవారం

సాఫ్ట్‌వేర్ దాచుకున్న పాత చెత్తంతా ఖాళీ చేసి మళ్ళీ తెరిచాను. ఖాళీ అయింది నా ఓపికే.

6, గురువారం

ఓనరు వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయనకి ఎడిటింగ్ గురించి తెలిసిందల్లా కరెంటు బిల్లు.

"ఈ ఫోన్లు కొత్తవమ్మా. మీ సాఫ్ట్‌వేర్ ముసలిది. నా గదిలో కొత్త సిస్టమ్ ఉంది కదా, అందులో వేసి చూడరాదూ?"

"సాఫ్ట్‌వేర్ ముసలిదైతే నేనూ ముసలిదాన్నే. మరి నన్ను కూడా మార్చేస్తారా?"

"అబ్బే, అలా ఎందుకంటానమ్మా," అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆ కొత్త సిస్టమ్ ఆయన కొన్నప్పటి నుంచి నా కోసం ఎదురుచూస్తోంది. ఒకసారి దాని ముందు కూర్చున్నాను. ఇల్లు మారిన బంధువుల్లా బటన్లన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు. పక్కన వీడియోల్లో రంగులు సరిదిద్దే కుర్రకారు నవ్వు ఆపుకుంటున్నారు. లేచి వచ్చేశాను. ఇన్నేళ్ళుగా టైల్స్ షోరూములూ, ఆస్పత్రులూ, పరుపులూ, ఏ ప్రకటనైనా ఈ పాతదాని మీదే కోశాను. పనొచ్చినవాడికి కత్తి కొత్తదైతేనేం, పాతదైతేనేం.

8, శనివారం

ఒక సంగతి తట్టింది. తట్టాక ఇంతకాలం ఎందుకు తట్టలేదా అని నా మీద నాకే జాలేసింది.

శబ్దం పోలేదు. పోగొట్టారు.

ఆలోచిస్తే అంతా సరిపోతోంది. ఈ సంస్థలోకి వెళితే చెల్లెలు రెండేళ్ళు ఊళ్ళు తిరుగుతుంది. ఇంట్లో వంటెవరు చేస్తారు, ఆయన చొక్కాలెవరు ఉతుకుతారు? పైకి బుద్ధిమంతుడిలా నవ్వుతూ, పెన్‌డ్రైవ్‌కి రబ్బరుబ్యాండు చుడుతూ, లోపల మాత్రం దాని గొంతు నొక్కేశాడు. సెట్టింగు మార్చానని తన నోటితోనే చెప్పాడు కదా, దొంగ దొరికాక ఇంకా పంచాయితీ దేనికి.

పోయినేడు చెల్లెలికి ఆ పాడు జ్వరం తలకెక్కి ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా ఇంతే. డాక్టరు చెల్లెల్ని అడిగితే ఇతను జవాబు చెప్పేవాడు. తారీఖెంత అంటే ఇతను, భోంచేశావా అంటే ఇతను. నేను చూడటానికి వెళ్ళిన రోజు, ఈవిడెవరు అని నర్సు నన్ను చూపించి అడిగితే, "మీ అక్క" అని చెల్లెలి చెవిలో ఇతనే చెప్పాడు. నా చెల్లెలికి నేనెవరో కూడా ఇతనే చెప్పాలా? అక్కడే అర్థమైంది నాకు, ఆ ఇంట్లో మాట్లాడే నోరు ఎవరిదో.

10, సోమవారం

శబ్దం సంగతి తర్వాత. మ్యూట్‌లోనే కట్ చేయడం మొదలుపెట్టాను.

ఇది నాకు కొత్త కాదు. పని నేర్పిన పెద్దాయన చెప్పేవాడు, "ముందు మూగగా కొయ్యి. బొమ్మ నిలబడకపోతే మాట దాన్ని మోయలేదు" అని. ఇప్పటికీ ఆస్పత్రి సినిమాలు అలాగే కోస్తాను. డాక్టర్లు చెప్పేది వినకుండా చూస్తేనే ఎవరు అబద్ధమాడుతున్నారో తెలుస్తుంది.

స్క్రిప్టు నా దగ్గరుంది. నాటకంలో ఉన్నది ఒక్కతే మనిషి. మొగుడు వదిలి పోయిన ఇల్లు ఖాళీ చేస్తోంది, సామాన్ల బండి రావాలి. అట్టపెట్టెలు మూస్తూ, తెరుస్తూ, అందులోంచి ఏదో తీసి మళ్ళీ పెడుతూ మాట్లాడుతుంది. చివరికి అన్నీ బండెక్కుతాయి, ఒక కుర్చీ మాత్రం ఇవ్వదు. దాని మీద కూర్చుని నాటకం ముగిస్తుంది. ఈ నాటకం చెల్లెలు ముందెప్పుడో వేసినప్పుడు నేను మొదటి వరసలో కూర్చుని చూశాను. పెదవుల కదలికకీ కాగితం మీద మాటకీ జత కుదురుస్తూ పోతున్నాను.

నలభై నిమిషాల్ని ఇరవైకి తేవాలి. ఆ లిఫ్టు తీసిన బొమ్మ కూడా లిఫ్టులాగే ఉంది, అప్పుడప్పుడూ చిన్న కుదుపు, మిగతా అంతా ఒకేచోట.

11, మంగళవారం

చెల్లెలు మధ్యమధ్యలో ఆగే ఆ ఆగడం ఉంది చూశావూ.

ముందు వేసినప్పుడు గడగడా చెప్పుకుపోయేది. వెనక బస్సు తరుముతున్నట్టుండేది. బాగుంది అన్నాను కానీ మనసులో అనుకున్నాను, దీనికి మాట వచ్చు, మౌనం రాదని. ఇప్పుడు అలా కాదు. పెట్టె తెరిచి, అందులోకి చూసి, తలెత్తి ఆగుతుంది. ఎంతసేపు ఆగుతుందంటే మనకి ఊపిరాడదు. కళ్ళు కొంచెం పెద్దవవుతాయి. పెదవి కదలబోయి ఆగిపోతుంది. కెమెరాకి కాస్త ఎడమ పక్కకి, అక్కడెవరో నిలబడి ఉన్నట్టు చూస్తుంది. అప్పుడు మొహం మీద ఏదో దిగుతుంది, తలుపు తీసిన ఇంట్లోకి వెలుతురు వచ్చినట్టు, ఆ తర్వాతే మాట.

స్క్రిప్టులో అక్కడ ఎవరూ లేరు. ఇల్లు వదిలి పోయిన మొగుణ్ణి ఊహించుకుని ఉంటుంది. దర్శకుడు చెప్పకుండా నటికి ఇలాంటిది తట్టడం మాటలు కాదు. జ్వరం మనిషిని లోతు చేసింది. మంచం మీద అన్ని రోజులు పడుకుని ఉన్న మనిషికి ఆ మాత్రం రాదా.

మాటలు కొట్టేశాను. ఆగిన చోట్లన్నీ ఉంచాను. ఒక చోట ఇంకాస్త ఉంటే బాగుండుననిపించి, పక్క ముక్కలోంచి కొన్ని ఫ్రేములు అప్పు తెచ్చి అతికించాను.

నా చెల్లెలు గొప్ప నటి. ఈ మాట దానితో ఎప్పుడూ అనలేదు. అంటే నెత్తికెక్కుతుందని.

13, గురువారం

చెల్లెలే ఫోన్ చేసింది. వెనక మందుల షాపు గంట మోగుతోంది.

"సౌండు వచ్చిందా అక్కా?"

"ఇంకా లేదు. మీ ఆయన చేసిన నిర్వాకం అలా ఉంది."

"రాకపోతే... పోనీలే అక్కా. వదిలేద్దాం."

"వదిలేయడమేమిటి? ఇన్నాళ్ళూ దేని కోసం ఏడ్చావు?"

"నువ్వెందుకు అంత కష్టపడటం అని."

"ఆయన పక్కనే ఉన్నారా?"

"లేరు. డ్యూటీలో ఉన్నారు. ఎందుకు?"

ఎందుకో నాకు తెలుసు. పక్కన లేకపోయినా ఆ మాటలు ఆయన నేర్పినవే. నా చెల్లెలు ఏదీ వదిలేసే రకం కాదు.

14, శుక్రవారం

లిఫ్టు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. అప్పుడూ ఎత్తలేదు.

17, సోమవారం

ఓనరు బ్యాంకుకి వెళ్ళాడు. రంగుల కుర్రకారు భోజనానికి పోయారు. ఆయన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి కొత్త సిస్టమ్ ముందు కూర్చున్నాను. ఎవరైనా చూస్తే ఏసీ కోసం వచ్చానని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఫైలు లాగి పడేశాను. శబ్దం వచ్చింది.

అంతే. ఏమీ చేయలేదు. కింద పచ్చటి గీతలు ఒక వరస కాదు, రెండు వరసలు మొలిచాయి. కొత్త ఫోన్లలో ఒక పద్ధతి ఉందట. శబ్దాన్ని దిక్కుల వారీగా పట్టుకుని, తర్వాత ఎదురుగా ఉన్న మనిషి గొంతొక్కటే పైకి తీయవచ్చట. ఆ పద్ధతిలో తీస్తే మామూలు శబ్దం ఒక వరస, దిక్కుల శబ్దం ఇంకో వరస. పాత సాఫ్ట్‌వేర్‌కి ఆ రెండోది అర్థం కాక మొదటిదాన్ని కూడా చూపించడం మానేస్తుంది. కొంతమంది మనుషులు కూడా అంతే.

అది కాదు నేను రాయాలనుకున్నది.

మామూలు వరస విన్నాను. ముందు హాలు చప్పుడు, ఫ్యాను. చెల్లెలు పెట్టె తెరిచింది. నేను మురిసిపోయిన ఆ మొదటి చోట ఆగింది. అప్పుడు మగగొంతు, ఫోన్‌కి ఆనించినంత దగ్గరగా, గుసగుసగా, "ఈ పెట్టెలో..."

"ఈ పెట్టెలో మా అమ్మ కళ్ళజోడు ఉండాలి," అంది చెల్లెలు.

తర్వాత పెట్టె. ఆగింది. "బండివాడికి..." అంది గుసగుస. "బండివాడికి ఏం తెలుసు, ఏది బరువో," అంది చెల్లెలు.

చివరిదాకా విన్నాను. ఓనరు వచ్చి తలుపు తట్టేదాకా.

18, మంగళవారం

మొదట కోపమే వచ్చింది. నటించేటప్పుడు కూడా ఈ మనిషి నోరు మూసుకోడా అని. ఇవాళ మళ్ళీ విన్నాక ఆ కోపానికి నిలబడే చోటు లేకపోయింది.

చెల్లెలికి మాటలు గుర్తు లేవు. ఒక్కచోట కాదు, నేను గొప్పదని రాసుకున్న ప్రతిచోటా. అది నటన కాదు. తప్పిపోయిన మనిషి దారి అడగబోయే ముందు పెట్టే మొహం. ఎడమ పక్క ఉన్నది ఇల్లు వదిలిపోయిన మొగుడు కాదు, ఫోన్ పట్టుకుని కూర్చున్న మొగుడు.

అతనికి నాటకం మొత్తం నోటికొచ్చు. ఎక్కడా తడబడలేదు. పూర్తి వాక్యం కూడా చెప్పడు, మొదటి మాట అంతే. అది అందగానే మిగతా పది వాక్యాలు ఆమె నోట్లోంచి చక్కగా వచ్చేస్తాయి.

ఫ్రేములు అప్పు తెచ్చి మరీ పొడిగించాను దాన్ని. ఎంత ఎడిటర్ని!

సరే. జరిగిందేదో జరిగింది. ఇరవై అయిదు దగ్గరపడింది. ఇది ఎవరికీ తెలియాల్సిన పని లేదు. గుసగుసని తీసేస్తాను.

20, గురువారం

రెండో వరస ఉంది కాబట్టి పని కుదిరింది. ఎదురుగా ఉన్న గొంతుని పైకి లాగి, దగ్గర గొంతుని అణిచి, మిగిలినచోట ఫ్యాను చప్పుడు పరిచాను. ఓనరు గదిలోనే మకాం. ఆయన బయట కుర్రాళ్ళ బల్ల మీద బిల్లులు రాసుకుంటున్నాడు. బటన్లు ఎక్కడున్నాయో తెలిసిపోయాయి, అదేమంత విద్య కాదు.

ఇప్పుడు వింటే అతని ఊపిరి కూడా లేదు. చెల్లెలు ఆగుతుంది, చూస్తుంది, చెబుతుంది. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రమైన పని చేయలేదు. ఇది చూస్తే ఆ సంస్థవాళ్ళు ఎదురొచ్చి తీసుకుపోతారు.

రేపు చెల్లెల్ని రమ్మన్నాను. సంతోషపడుతుంది.

21, శుక్రవారం

షాపు నుంచి తిన్నగా వచ్చింది, తెల్లకోటు చేతి మీద వేసుకుని. అతనూ వచ్చాడు. లోపలికి రమ్మనలేదు, అతను రాలేదు. బయట బెంచీ మీద పనిముట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇరవై నిమిషాలూ కదలకుండా చూసింది. నేను వీడియో చూడలేదు, దాని మొహం చూశాను.

"ఎలా ఉంది?"

"బాగుంది అక్కా. ఎవరామె?"

"ఎవరేమిటి, నువ్వే."

"నేనలా చెయ్యలేను."

"చేశావుగా. ఇదిగో, కళ్ళముందే ఉంది."

"ఆయన అందిస్తే చేశాను. ఆయన్ని తీసేశావు నువ్వు."

నేను పని గురించి చెప్పబోయాను, రెండు వరసల గురించి, ఎంత కష్టమో. చెల్లెలు వినలేదు.

"ఇది చూసి వాళ్ళు తీసుకున్నారనుకో. మొదటిరోజు తెర లేస్తుంది. అప్పుడేం చెయ్యను?"

"అప్పటికి బాగవుతుందిలే."

"బాగవదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అన్నీ ఉంటాయి, వరస ఉండదు. ఒక మాట అందితే మిగతావి వాటంతటవే వస్తాయి. ఆ ఒక్కటీ ఎవరైనా అందించాలి. షాపులో కూడా చీటీ చూస్తే గానీ మందు పేరు పలకలేను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వేమంటావో తెలుసు కదా."

"ఏమంటాను?"

"ప్రాంప్టరు కావాల్సినవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి. నువ్వన్న మాటే అక్కా. అప్పుడు పక్కనున్న వాళ్ళందరూ నవ్వారు."

అన్నానేమో. ఎవరి గురించి అన్నానో నాకే గుర్తు లేదు. వరస ఉండదన్న మనిషికి ఇది మాత్రం తు.చ. తప్పకుండా గుర్తుంది.

"ఆ సెట్టింగు కూడా నీ గురించే పెట్టారు ఆయన," అంది. "ఎదురుగా ఉన్నవాళ్ళ గొంతే పడుతుందని ఎక్కడో చూశారట. తన గొంతు పడకపోతే మీ అక్కకి తెలీదు, నిన్నేమీ అనదు అన్నారు. తీరా శబ్దమే రాదని నువ్వు ఫోన్ చేసేసరికి నిజం చెప్పేద్దామని చూశారు. నువ్వు చెప్పనివ్వలేదు."

ఏసీ చల్లగా ఉంది. లేచి తగ్గించాను. సిగ్గేసింది. రాయడానికి కూడా సిగ్గుగా ఉంది కాబట్టి ఇంతకంటే రాయను.

మామూలు వరస పంపుదామంటే అందులో అతని గుసగుస చెల్లెలి గొంతుకంటే పెద్దగా ఉంది. "మేం వీడియో తీసిన హాలు ఆదివారం ఖాళీయేనట," అంది చెల్లెలు. "మళ్ళీ తీద్దాం. ఈసారి దాచకుండా. నటికి ఒకరు అందిస్తారని ముందే రాసి పంపుదాం. ఇష్టమైతే తీసుకుంటారు, లేకపోతే లేదు."

"అయితే నేనే అందిస్తాను," అన్నాను. "ఇన్ని రోజులు కూర్చుని కోశాను, ఆ నాటకం నాకంటే బాగా ఎవరికొచ్చు?"

చెల్లెలు కిటికీ వైపు చూసి, సరే అంది.

23, ఆదివారం

హాలు ఫర్నిచర్ షాపు మీద ఉంది. మెట్ల నిండా వార్నిష్ వాసన. అతను స్టాండు మీద ఫోన్ బిగించి దాని వెనక నిలబడ్డాడు. స్టూడియో మైకు తెచ్చి నేనే చెల్లెలికి తగిలించాను. ఎడమ పక్క కుర్చీ వేసుకుని స్క్రిప్టుతో నేను కూర్చున్నాను.

మొదటి పెట్టె దగ్గర ఆగలేదు. రెండోదీ దాటేసింది. నేనుంటే ఆ ధైర్యమే వేరనుకున్నాను. బండి వచ్చే ఘట్టంలో కొంచెం తడబడింది కానీ తనే పట్టుకుంది. తర్వాత కుర్చీ దగ్గరికి వచ్చి ఆగింది.

నేను అందించాను. స్పష్టంగా, ఒక్క అక్షరం మింగకుండా. "కుర్చీ మాత్రం నాది."

నా వైపు చూసింది. రాలేదు.

మళ్ళీ చెప్పాను. వినబడలేదేమోనని ఈసారి కొంచెం గట్టిగా. "కుర్చీ మాత్రం నాది."

వినబడింది. వినబడిందని మొహంలో తెలుస్తోంది. కానీ అది వీడియోలో ఆగిన మొహం కాదు. చిన్నప్పుడు నేను లెక్కలు చెబుతూ, ఒకసారి చెబితే తలకెక్కదా అన్నాక పెట్టేది ఈ మొహం. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా లెక్క వచ్చేది కాదు. పెదవి కదిలింది కానీ మాట లేదు. మూడోసారి చెప్పడానికి నోరు తెరిచాను.

ఫోన్ వెనక నుంచి, స్క్రీన్ మీంచి తలెత్తకుండానే, అతను "కుర్చీ..." అన్నాడు.

"కుర్చీ మాత్రం నాది," అంది చెల్లెలు. "దాన్ని ఎవరూ ముట్టుకోకండి. కూర్చోడానికి కాదు, కూర్చున్నవాళ్ళు లేచి పోయారని గుర్తుండటానికి." ఇంక ఆగలేదు. ఆ ఘట్టం చివరి దాకా ఏరు పారినట్టు పారింది.

అదే మాట. ఉచ్చారణ నాదే మేలు.

లేచి అతని దగ్గరికి వెళ్ళి స్క్రిప్టు ఇచ్చాను. "వద్దు వదినగారూ, నోటికొచ్చు," అన్నాడు. గొప్పగా అనలేదు, ఉన్న సంగతి చెప్పాడు. ఇంట్లో అంట్లు తోముతూ, బట్టలారేస్తూ ఇద్దరూ రోజూ చెప్పుకుంటారట. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. అతను నా కుర్చీలో కూర్చున్నాడు. నేను ఫోన్ వెనక నిలబడ్డాను. చెల్లెలు ఆగినప్పుడల్లా అటు చూసింది, నేను ఊపిరి బిగబట్టాను, నా ఊపిరి రికార్డులో పడకూడదని.

ఈసారి ఆ సెట్టింగు తీసేశాం. ఎలా తీయాలో అతన్నే అడగాల్సి వచ్చింది. చూపించాడు.

25, మంగళవారం

ఇరవై నిమిషాలకి కోసి పంపాను. వీడియో మొదట్లో కనబడే కార్డు మీద, "నటికి మాట అందిస్తున్నది ఆమె భర్త" అని రాశాను. గుసగుసని ముట్టుకోలేదు. ఫైలుకి శబ్దం ఉందో లేదో మూడు కంప్యూటర్లలో చూశాను. ఓనరు నవ్వాడు, నవ్వనీ.

మరుసటి నెల 12, శుక్రవారం

సాయంత్రం మరిది ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తాను.

"వదినగారూ, సంస్థ నుంచి కబురొచ్చిందండీ. వచ్చే నెల వాళ్ళ ముందు స్టేజి మీద వేసి చూపించమన్నారు. నన్ను కూడా రమ్మన్నారు. అందించే మనిషి పక్కన కూర్చుంటే వాళ్ళకి అభ్యంతరం లేదట. తీసుకునేదీ లేనిదీ అది చూశాకే చెబుతారట."

"మీకు సెలవిస్తారా?"

"ఇవ్వకపోతే మానేస్తానండీ. లిఫ్టులెక్కడైనా ఉంటాయి."

ఏదో అనబోయాను, ముందుకు పోవడం గురించి. అనలేదు. ఫోన్ చెల్లెలు తీసుకుంది.

"అక్కా, నువ్వూ వస్తావా?"

"రాకుండా ఎలా ఉంటాను? మొదటి వరసలో కూర్చుంటా."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మాట మరిచిపోయిందనుకున్నాను. అతను పక్కనే ఉన్నాడు, అందిస్తాడేమోనని ఎదురుచూశాను. అందించలేదు. ఈ మాట దానికి బాగానే గుర్తుంది.

"ముందు వద్దక్కా," అంది. "నాకు కనబడని చోట కూర్చో."

సరేనన్నాను. హాల్లో శబ్దం బాగా వినబడేది వెనక వరసల్లోనే. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది.